నీలం టేపు ట్రే: ఒక యూదు విద్యార్థి సంఘం కేసు

నేను పనిచేసేది అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో. విద్యార్థి సంఘాల సలహాదారుని. చదరంగం క్లబ్బు, బాలీవుడ్ డ్యాన్స్ టీము, మన తెలుగువాళ్ల ఉగాది కమిటీ, అన్నిటి కాగితాలూ నా బల్ల మీదుగానే వెళ్తాయి. హాలు బుకింగు, బడ్జెట్ మీద సంతకం, గొడవొస్తే పంచాయితీ. ఇన్నేళ్లలో నన్ను బాగా పరుగులు పెట్టించింది, కడుపునిండా భోజనం పెట్టింది కూడా యూదు విద్యార్థుల సంఘమే. 2021 ఫాల్ సెమిస్టర్‌లో అక్కడ ఒక చిన్న పొరపాటు జరిగింది. దాని వెనక పెద్ద లోటే ఉందని తేలింది. ఆ లోటు పూడ్చడానికి మేం పడ్డ తిప్పలే ఈ కేసు. సంఘం పేరూ ఊరి పేరూ చెప్పను. మనుషుల్ని వాళ్ల పనులతోనే పిలుస్తాను.

ఎవరు నడుపుతారు

బయటినుంచి చూస్తే గుడి కమిటీలా కనిపిస్తుంది. లోపలికెళ్తే హాస్టల్ మెస్సు, కల్యాణమండపం, కౌన్సెలింగ్ గది, చందాల ఆఫీసు, నాలుగూ ఒకే కప్పు కింద ఉంటాయి.

అమెరికా కాలేజీల్లో ఇలాంటి సంఘాలకు రెండు పెద్ద నమూనాలున్నాయి. మొదటిది హిల్లెల్. 1923లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో పుట్టింది. యూదు పిల్లలకు తమ గ్రంథాల గురించే సరిగా తెలియట్లేదని ముందుగా బాధపడింది ఎడ్వర్డ్ చాన్సీ బాల్డ్విన్ అనే క్రైస్తవ ప్రొఫెసరు. పని నెత్తికెత్తుకున్నది బెంజమిన్ ఫ్రాంకెల్ అనే కుర్ర రబ్బీ, అంటే యూదు మతగురువు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1927లో, ముప్పై ఏళ్లకే ఫ్రాంకెల్ చనిపోయాడు. అక్కడితో ఆగిపోవాల్సిన పని. ఆగలేదు, ఎందుకంటే అదే యూనివర్సిటీలో చరిత్ర చెప్పే ఏబ్రమ్ సాకర్ పగ్గాలు అందుకున్నాడు. తర్వాత 1948లో మొదలైన బ్రాండైస్ యూనివర్సిటీకి మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే. హిల్లెల్ కథలో నాకెప్పుడూ గుర్తుండేది ఈ చేతులు మారడమే.

రెండోది హబాద్ అనే సంప్రదాయ యూదు ఉద్యమం. 1969లో లాస్ ఏంజెలిస్‌లో, యూసీఎల్ఏ యూనివర్సిటీ దగ్గర మొదటి హబాద్ హౌస్ తెరిచారు. ఒక రబ్బీ, ఆయన భార్య (ఆవిడను రెబ్బెట్సిన్ అంటారు) కాలేజీ పక్కన ఇల్లు తీసుకుని పిల్లాపాపలతో అక్కడే స్థిరపడిపోతారు. చందాలు వాళ్లే తెచ్చుకోవాలి. బదిలీలుండవు, ఇక ఇదే మా ఊరు అనుకుని వస్తారు. మా క్యాంపస్‌కి రెండు వీధుల అవతల అలాంటి జంట ఒకటుంది. ఏ పిల్లకి ఏ కూర పడదో పదేళ్ల కిందటిది కూడా ఆ రెబ్బెట్సిన్‌కి గుర్తే.

నేను చెప్పబోయే సంఘం నడిచేది మొదటి పద్ధతికి దగ్గరగా. జీతం మీద ఇద్దరు: ఒక డైరెక్టరు, ఒక అసిస్టెంటు. వాళ్ల కింద, నిజానికి వాళ్ల పైన, తొమ్మిదిమంది విద్యార్థుల బోర్డు. డైరెక్టరు రబ్బీ కాదు, ఈ ఉద్యోగంలో చాలామంది కారు. ఆమె రోజులో సగం కాఫీ తాగడంతోనే గడుస్తుంది. నవ్వకండి, అది పనే. కొత్తగా చేరిన ఒక్కో పిల్లాణ్ణీ పిల్లనీ విడిగా కూర్చోబెట్టుకుని ఎక్కణ్ణుంచి వచ్చావు, ఇంట్లో ఏం పాటిస్తారు, ఇక్కడ ఎవరైనా తెలుసా అని అడగడం. మిగతా సగంలో పూర్వ విద్యార్థుల దగ్గర చందాలు, పండుగనాడు మిడ్‌టర్మ్ పెట్టిన ప్రొఫెసర్లకు మెయిళ్లు, న్యూజెర్సీ నుంచి తల్లిదండ్రుల ఫోన్లు. 2018 అక్టోబరులో పిట్స్‌బర్గ్‌లో ఒక సినగాగ్‌లో (యూదుల ప్రార్థనామందిరంలో) 11 మందిని కాల్చి చంపాక తలుపు దగ్గర గార్డు, తాళాలు, కెమెరాలు కూడా ఈ లెక్కలోకే వచ్చాయి. ఆ తాళాలతో ఇంకో చిక్కు. తలుపులన్నీ కార్డు గీకితే తెరుచుకునేవి. షబ్బాత్ అంటే యూదుల విశ్రాంతి దినం, శుక్రవారం పొద్దుగూకేముందు మొదలై శనివారం చీకటిపడేదాకా. ఆ రోజున విద్యుత్ పరికరం ముట్టని పిల్లలు కార్డు గీకరు. అందుకని శుక్రవారం రాత్రి గార్డు లోపలే నిలబడి మొహం చూసి తలుపు తీయాలి. గార్డు మారిన వారమల్లా ఇది మళ్లీ మొదటినుంచి చెప్పాలి.

వంటిల్లు యూనివర్సిటీ భోజనశాలల విభాగానిది. అందులో మాంసానికి ఒక వైపు, పాలకు ఒక వైపు, యూదుల ఆహార నియమం ప్రకారం ఆ రెండూ కలవకూడదు. పొయ్యిలు, ఓవెన్లు, సింకులు, గరిటెలు అన్నీ రెండేసి. ఎర్ర టేపు మాంసానికి, నీలం టేపు పాలకు, ఆకుపచ్చ రెండిటికీ చెందనివాటికి, అంటే కూరలు, పళ్లు, గుడ్లు, చేపలు. ఈ మూడో జాతిని పారెవ్ అంటారు. ఇక్కడి తెలుగు శాకాహారులు చాలామందికి ఈ మాట సూపర్‌మార్కెట్లో పరిచయమే. డబ్బా మీద కోషర్ (యూదుల ఆహార నియమాలకు సరిపడినది) అనే ముద్ర పక్కన పారెవ్ అని ఉంటే లోపల మాంసం లేదని ధైర్యం, గుడ్డూ చేపా సంగతి మాత్రం వెనక చదువుకోవాలి. వంటింటి మీద అధికారం ఉన్న రబ్బీ గంటన్నర దూరంలో నగరంలో ఉంటాడు. నెలకు రెండుసార్లు వచ్చి చూసి వెళ్తాడు.

ఆ శుక్రవారం

2021 నవంబరు 7, ఆదివారం. అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పే రోజు. అంతకుముందు శుక్రవారం మా ఊళ్లో షబ్బాత్ దీపాలు వెలిగించే వేళ 5:34. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు వెలిగించాలన్నది ఆచారం. 12వ తేదీ శుక్రవారానికి ఆ వేళ 4:27 అయిపోయింది. దీపం వెలిగించాక పాటించేవాళ్లు వంట చేయరు, పొయ్యి ముట్టరు, ఫోను తీయరు. కాబట్టి భోజనమంతా అంతకుముందే తయారై ఉండాలి.

షబ్బాత్ బాధ్యత చూసే అమ్మాయి సెకండ్ ఇయర్. మొదటి ఏడాది సగం ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు గడిపింది. పోయిన వారంలాగే వంటవాళ్లను మూడున్నరకి రమ్మంది.

నేను హాలు కాగితం మీద సంతకానికని 3:50కి వెళ్లాను. చికెన్ ట్రేలు అప్పుడే ఓవెన్లోకి వెళ్తున్నాయి. బల్లల మీద గుడ్డలు కూడా పరవలేదు. ఎవరో ఫోన్లో టైము చూసి గట్టిగా అరిచారు. ఇక పెళ్లివారు వీధి చివరికి వచ్చాక పొయ్యి రాజేసిన ఇల్లులా అయింది. ఒకడు రొట్టెలకోసం పరిగెత్తాడు, ఒకమ్మాయి ద్రాక్షరసం సీసాలు లెక్కపెడుతోంది (ఇరవై ఒకటి నిండనివాళ్లకు వైన్ పోయకూడదు కదా, కిద్దుష్ ప్రార్థన ద్రాక్షరసంతోనే). ఈ హడావిడిలో ఒక వాలంటీరు ఫ్రిజ్‌లోంచి పెద్ద ట్రే తీసి చికెన్ ఉన్న ఓవెన్లో పై అరలో తోసేశాడు.

నా వెనకనుంచి తెలుగులో చిన్న గొంతు. "అక్కా, ఆ ట్రేకి నీలం టేపుంది."

గిన్నెలు తోమే గదిలో పార్ట్‌టైం చేసే కుర్రాడు. పొన్నూరు వాడు, ఎంఎస్ చివరి సెమిస్టరు. ఏప్రాన్ మీద సబ్బునురగ. "నేను చెబితే బాగోదేమో, మీరు చెప్పండి" అన్నాడు.

ఆ ట్రేలో ఉన్నది చీజ్ లసాన్యా. ఆ వారం శాకాహారులైన అతిథులు వస్తున్నారని, వాళ్లకోసమని, షబ్బాత్ చూసే అమ్మాయి మంచి మనసుతో చేయించింది. ఆ అతిథుల్లో నేను పిలిచిన ఇద్దరు తెలుగు పిల్లలు కూడా ఉన్నారు. మాంసం భోజనంలో చీజ్ వడ్డించకూడదన్న సంగతే ఆమెకు తట్టలేదు. మేకపిల్లను తల్లిపాలలో వండకూడదన్న మాట తెలుగు బైబిల్ చదివినవాళ్లు నిర్గమకాండంలో చూసే ఉంటారు. ఈ రెండు సింకుల లోకమంతా ఆ ఒక్క వాక్యం మీద కట్టిందే. కానీ ఆమెది కోషర్ పాటించే ఇల్లు కాదు. అమెరికా యూదుల్లో ఇంట్లో కోషర్ పాటించేది 17 శాతమేనని ప్యూ అనే పరిశోధన సంస్థ 2020 సర్వే తేల్చింది. ఆమెను తప్పుపట్టడానికేం లేదు. నేర్పేవాళ్లు లేకుండా పని అప్పగించాం.

డైరెక్టరు రబ్బీకి ఫోన్ చేసింది. టైము 4:08. ఇంకాసేపైతే ఆయనా ఎత్తడు. ఆయన అడిగినవి మూడే ప్రశ్నలు. చికెన్ మీద రేకు కప్పి ఉందా? లసాన్యా మీద ఉందా? పొంగి ఏమైనా కారిందా? మా పొన్నూరు కుర్రాడు ఓవెన్ తలుపు దగ్గర వంగి చూసి ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. రెండిటి మీదా కప్పి ఉంది, కారలేదు, లోపల ఉన్నది నాలుగైదు నిమిషాలు. చికెన్ తినొచ్చు, లసాన్యా పక్కన పెట్టేయండి, వంట అవగానే ఓవెన్ ఆపేసి ఒక రోజంతా ముట్టకండి, తర్వాత శుభ్రం చేసి అత్యధిక వేడి మీద గంటసేపు ఖాళీగా కాల్చండి అన్నాడు. పింగాణీ అయితే ఇంత తేలిగ్గా వదలదని తర్వాత తెలిసింది. లోహానికి శుద్ధి ఉంది, మట్టితో చేసినదానికి లేదు. మన ఇళ్లలోనూ మైలపడితే ఇత్తడి చింతపండు పెట్టి తోముకునేవాళ్లు, కుండ పారేసేవాళ్లు.

శాకాహారుల సంగతి? డైరెక్టరు ఒక అబ్బాయిని హబాద్ ఇంటికి తరిమింది. ఈ రెండు చోట్లకీ మధ్య పైకి కనపడని పోటీ ఉంటుంది, శుక్రవారం ఎవరింట ఎంతమంది అని. రెబ్బెట్సిన్ ఒక్క మాట అడగకుండా ఆలుగడ్డ కూగల్ (ఓవెన్లో కాల్చిన ఆలుగడ్డ వంటకం) నిండు ట్రే ఇచ్చి పంపింది. దాని మీద ఆకుపచ్చ టేపు తనే అంటించింది.

4:26కి దీపాలు వెలిగాయి. హాస్టల్ గదుల్లో కొవ్వొత్తులు నిషేధం కాబట్టి పిల్లలంతా ఇక్కడికే వచ్చి, అగ్నిమాపక విభాగం ఒప్పుకున్న లోహపు పళ్లెంలో వరసగా వెలిగిస్తారు. భోజనం బాగానే జరిగింది. షబ్బాత్ చూసే అమ్మాయి మాత్రం తినలేదు.

ఏం పోయిందో వెతికితే

సోమవారం కూర్చున్నాం. మొదట నాకు తోచింది శిక్షణ లోపమని. కాస్త తవ్వితే అంతకన్నా లోతుగా ఉంది. కాలేజీ సంఘం ప్రతి నాలుగేళ్లకూ మొత్తం కొత్తదైపోతుంది. ఒక ఇంట్లో కోడలు అత్త పక్కన నిలబడి నేర్చుకున్నట్టు ఇక్కడ సెకండ్ ఇయర్‌వాళ్లు సీనియర్ల పక్కన నిలబడి నేర్చుకుంటారు. చలికాలపు శుక్రవారం ఎంత పొట్టిదో, చికెన్ ఎప్పుడు ఎక్కించాలో ఎవరూ రాసిపెట్టలేదు. పక్కన నిలబడినవాళ్లకు తెలుసు, అంతే. 2020 మార్చిలో క్యాంపస్ మూసేశారు. తెలిసినవాళ్లు ఇళ్లనుంచే పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోయారు. తర్వాతి ఏడాదంతా కలిసి భోజనం లేదు, డబ్బాల్లో కట్టి ఇవ్వడమే. పాత డైరెక్టరు మానేశారు. కొత్తావిడ 2021 జులైలో చేరింది. ఆ ఏడాది రోష్ హషానా, అంటే యూదుల కొత్త సంవత్సరం, సెప్టెంబరు 6 సాయంత్రమే వచ్చింది, కాలేజీ తెరిచి రెండు వారాలు. వాళ్లదీ మనలాగే చాంద్రమానం, మధ్యమధ్య అధికమాసం కలుపుకుంటారు, కాబట్టి పండుగలు ముందుకీ వెనక్కీ జరుగుతుంటాయి. ఊపిరి పీల్చేలోపే పెద్ద పండుగలన్నీ అయిపోయాయి. పర్ణశాలల పండుగకు వేసే పందిరికి అనుమతి కాగితాలు కూడా నేనే పట్టుకు తిరిగాను.

మరి ఆ వంటింట్లో నిరుటి చలికాలం పనిచేసిన మనిషి ఎవరు? వెతికితే ఒక్కడే తేలాడు. పొన్నూరు కుర్రాడు. 2020 జనవరిలో దిగి, అదే ఫాల్‌లో భోజనం డబ్బాలు కట్టే పనికి చేరాడు. గడియారం మారిన వారం ఏం చేయాలో, ఏ సింకు దేనిదో, రబ్బీ వచ్చినప్పుడు ముందు ఎక్కడ చూస్తాడో అన్నీ వాడి బుర్రలో ఉన్నాయి. ఒక యూదు సంఘం వంటింటి జ్ఞాపకమంతా గుంటూరు జిల్లా పిల్లాడి దగ్గర ఉంది. వాడు డిసెంబరులో పట్టా తీసుకుని వెళ్లిపోతున్నాడు.

ఇదంతా నీకెలా పట్టుబడిందిరా అనడిగాను. "మా నాయనమ్మ మడి వంటిల్లు ఇంతకన్నా కష్టం అక్కా. ఇక్కడ కనీసం రంగులున్నాయి. అక్కడ ఏది ముట్టుకోవచ్చో నాయనమ్మ మొహం చూసి తెలుసుకోవాలి."

అప్పుడే డైరెక్టరు వాణ్ణి ఒకటడిగింది: మీ జిల్లాలో తెలుగు మాట్లాడే యూదులున్నారట, తెలుసా? వాడికీ తెలియదు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రయీం అనే చిన్న సమాజం ఉంది, తమది ఇశ్రాయేలు గోత్రమని చెప్పుకుంటూ సినగాగ్ కట్టుకున్నారు. గుంటూరు నుంచి పొన్నూరు బస్సులో ఎన్నిసార్లు చేబ్రోలు దాటి ఉంటాడో. "ఎర్ర టేపు, నీలం టేపు మా ఊరి పక్కన కూడా ఉన్నాయన్నమాట" అన్నాడు. వాళ్లు టేపులు వాడతారో లేదో నాకు తెలియదు గానీ, ఆ రోజునుంచి వాడు పనిలో ఇంకాస్త గొంతు పెంచాడు.

నా పద్నాలుగు పేజీలు

ఇక్కడ నా తప్పు కూడా రాయాలి. ఆగస్టులోనే ఈ సంఘానికి నేనొక అప్పగింతల పత్రం తయారు చేసిచ్చాను. పద్నాలుగు పేజీలు, విషయసూచికతో. ఫైలు ఎవరు ఎన్నిసార్లు తెరిచారో కంప్యూటర్ చూపిస్తుంది కదా, నవంబరులో చూస్తే రెండుసార్లు. రెండోది నేనే. అందులో చికెన్ గురించి ఒక్క ముక్క లేదు, బడ్జెట్ ఫారాలు ఎక్కడ దొరుకుతాయో మాత్రం మూడు పేజీలు.

అందుకని ఈసారి కాగితం పక్కన పెట్టాం. థాంక్స్‌గివింగ్ సెలవులు పోగా వాడి చేతిలో మూడు శుక్రవారాలు మిగిలాయి. ఆ మూడు వారాలూ బోర్డులోంచి ఇద్దరిద్దరు వాడి వెనక నిలబడ్డారు. భోజనశాలల మేనేజరును ఒప్పించి వాడి గంటలు గిన్నెల గదిలోంచి వంటింటికి మార్పించాను. స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్లో వారానికి ఇరవై గంటలే చేయాలి, కాబట్టి ఉన్న గంటల్లోనే. వాడికి ఇంగ్లీషులో చెప్పడం మొదట్లో ఇబ్బందిగా ఉండేది. మూడో వారానికి ఒక అబ్బాయి చేతిలోంచి గరిటె లాక్కుని "రెడ్, రెడ్!" అని కేకేశాడు. వాడు చెప్పినవాటిలో ఒకటి గోడకెక్కింది: సంవత్సరం మొత్తానికీ శుక్రవారాల పట్టిక, ఒక్కోదాని పక్కన దీపాల వేళ, దానికి రెండు గంటల ముందు "అన్నీ ఓవెన్లో ఉండాలి" అని గీత. నవంబరు మొదటి ఆదివారం దగ్గర లావుగా ఎర్ర చుక్క.

అంతకన్నా పెద్ద మార్పు ఎన్నికలది. ఇంతకుముందు ఏప్రిల్‌లో బోర్డును ఎన్నుకునేవాళ్లు. మేలో పాతవాళ్లు పట్టా తీసుకుని పోయేవాళ్లు, ఆగస్టులో కొత్తవాళ్లు ఖాళీ ఇంట్లో అడుగుపెట్టేవాళ్లు. పదవీకాలాన్ని జనవరి నుంచి డిసెంబరుకి మార్చాలని నేను పట్టుబట్టాను. అలాగైతే దిగిపోయిన సీనియర్లు ఇంకో సెమిస్టరు కళ్లముందే ఉంటారు, కొత్తవాళ్లు తడబడితే అడగొచ్చు. బోర్డు రెండు మీటింగులు కొట్లాడుకుంది. స్ప్రింగ్‌లో విదేశాల్లో చదవడానికి వెళ్లాలనుకున్న ఇద్దరు జూనియర్లు పదవులు వదులుకోవాల్సి వస్తుంది. వాళ్లలో ఒకమ్మాయి నా గదికొచ్చి ఏడ్చింది కూడా. ఆమెకు అన్యాయమే జరిగింది, దానికి నా దగ్గర జవాబు లేదు. చివరికి ఏడుగురు చేతులెత్తారు, నిబంధన మారింది. దాంతోపాటు ప్రతి పనికీ ఇద్దరు: ఒకరు చేసేవాళ్లు, ఇంకొకరు కిందటి ఏడాది చేసినవాళ్లో వచ్చే ఏడాది చేయబోయేవాళ్లో.

బియ్యం గొడవ

కొత్త పద్ధతికి మొదటి పరీక్ష 2022 పస్కా పండుగ. ఆ ఏడాది అధికమాసం కావడంతో ఆలస్యంగా, ఏప్రిల్ 15 సాయంత్రం వచ్చింది. వంటిల్లంతా ఖాళీ చేసి, ఆ వారం తినకూడని పులిసిన పదార్థమేదీ మిగలకుండా తోమి, బల్లల మీద రేకు పరిచి, మామూలు గిన్నెలకు తాళం వేస్తారు. అంతవరకూ సాఫీగా నడిచింది. గొడవ అన్నం దగ్గర వచ్చింది. యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదులు పస్కా వారంలో బియ్యం, పప్పులు తినరు. ఇరాన్, సిరియా మూలాలవాళ్లు చాలామంది తింటారు. 2015లో కన్సర్వేటివ్ శాఖ రబ్బీల కమిటీ అష్కెనాజీలకూ అనుమతి ఇచ్చింది గానీ అందరూ ఒప్పుకోలేదు. ఇరాన్ కుటుంబం అబ్బాయి ఒకడు లేచి, మా అమ్మమ్మ పండుగకు ముందు బియ్యం మూడుసార్లు ఏరుతుంది, అన్నం లేకపోతే అది మాకు పస్కానే కాదు అన్నాడు. అవతలివైపు ఒకమ్మాయి, ఆ గరిటె నా కూరలో పడితే నేను తినను అంది. బియ్యం ఏరడం అనే మాట వినగానే నా ఓటు ఎటుపోయిందో చెప్పక్కర్లేదు. అదృష్టం, నాకు ఓటు లేదు.

ఒక గంట అరుచుకున్నాక, డిసెంబరులో దిగిపోయిన పాత కోశాధికారి ఒకడు, సీనియరు, వెనక కుర్చీలోంచి అన్నాడు: "దీని మీద 2019లోనే కొట్లాడుకున్నాం. అప్పుడు నేను ఫస్ట్ ఇయర్. అన్నానికి విడిగా బల్ల, విడిగా గరిటెలు, గోడవైపు." గది చల్లబడింది. పాత మెయిల్ వెతికి చూపించాడు. బల్ల గోడవైపు వేశారు.

తేలనివి

డైరెక్టరు గంటలు మాత్రం మేం తగ్గించలేకపోయాం. శుక్రవారం రాత్రీ శనివారమూ పనిచేసిన మనిషికి సోమవారం సెలవిమ్మని రాయించాను. సోమవారమే తల్లిదండ్రుల ఫోన్లు ఎక్కువ వస్తాయి, ఆమె ఎత్తేది. అసిస్టెంటు ఏడాదిన్నరకే వెళ్లిపోయాడు. డైరెక్టరు 2023 వేసవిలో వెళ్లిపోయింది, మంచి ఉద్యోగానికే. వెళ్లేముందు కొత్తాయనతో నాలుగు శుక్రవారాలు వంటింట్లో నిలబడింది. ఆ నాలుగు వారాల జీతం రెండుసార్లు ఎందుకివ్వాలని ఆర్థిక కమిటీ అడిగింది. నీలం టేపు కథ చెప్పాను. ఇచ్చారు.

2022 నవంబరు 11న, గడియారం మారాక వచ్చిన మొదటి శుక్రవారం, మూడింటికి నేను ఊరికే తొంగిచూశాను. ట్రేలన్నీ ఓవెన్లో ఉన్నాయి. లసాన్యా చేయించిన అమ్మాయి కుర్చీలో కూర్చుని ఆపిల్ తింటోంది, ఇంకెవరో అమ్మాయి పరుగులు పెడుతోంది.

పొన్నూరు కుర్రాడు ఇప్పుడు డల్లాస్‌లో ఉద్యోగం. వాడు వెళ్లేముందు ఇంకో పని చేశాడని నాకు చాన్నాళ్లకు తెలిసింది. తన గుర్తు కోసం డ్రాయర్ల మీద టేపుల పక్కన మార్కరుతో తెలుగులో "మాంసం", "పాలు" అని రాసుకున్నాడు. 2023 ఆగస్టులో పాత టేపులు చిరిగిపోతే బోర్డు పిల్లలు కొత్తవి వేశారు. ఆ అక్షరాలు కూడా నియమంలో భాగమనుకున్నట్టున్నారు, చూసి చూసి జాగ్రత్తగా గీశారు. "మాంసం" బాగానే కుదిరింది. నీలం టేపు పక్కన మాత్రం దీర్ఘం ఎగిరిపోయి "పలు" అయింది. మార్కరు కోసం చేయి చాపి, మళ్లీ జేబులో పెట్టుకున్నాను.